కుడికి గుంజే బండి

ములుగు రోడ్డెక్కి కాలు గట్టిగ తొక్కితే చాలు
స్టీరింగు కుడికి గుంజుతది,
అంగట్ల కొత్త కోడె పగ్గం గుంజినట్టు.
అదీ, ఇసుక లారీ ఎదురొచ్చే దిక్కుకే.

యాకూబ్ భాయ్ బండి కిందికి దూరిండు.
బయట కాళ్లు మాత్రమే. లోపల్నించి మాట:
"గుంజుడు ముందు చక్రాలే, మలుపుడు ముందు చక్రాలే.
రెండు డ్యూటీలు, సిస్టరమ్మా, నీ లెక్కనే.
పైంగ ఒక షాఫ్టు పొట్టిది, ఒకటి పొడుగుది.
జోరు రెండిటికీ ఒక్కతీరు ఎట్లందుతది?"

అరిగిన బుష్షులు నా అరచేతుల పెట్టిండు,
ఎండిన రేగుపండ్లు.
ఇంజను మౌంటు మార్చిండు.
కుడి టైరుల గాలి చూసి నాలుక కరుచుకున్నడు,
ఇరవై రెండే.
అలైన్‌మెంటు దారాలు గుంజేసరికి
హన్మకొండ దిక్కు పొద్దు వాలింది.

"మొత్తం పోదు. అది దాని పుట్టుక.
మలుపుల తొక్కకు. చక్రం సక్కగైనంక
మెల్లగ దించు కాలు."

రాత్రి డ్యూటీకి పోతూ
జాకారం దాటినంక మూడో గేర్ల తొక్కి చూసిన.
ఉన్నది ఇంకా.
చిన్న పోరడు చిటికెనేలు పట్టుకొని
అటు చూడుమన్నంత.