కడుపు వైపు

షువైఖ్ గ్యారేజీలో పగలంతా
జీపులకు తెల్లరంగు కొడతాను.
రాత్రి ఫర్వానియాలో, ఆరు మంచాల గదిలో,
జానెడు లేని విమానానికి ఇసుక రంగు.

డెబ్భై రెండో వంతు.
పెట్టె తెరిస్తే ముక్కలన్నీ
తీగకి కాయల్లా వేలాడుతుంటాయి.
ఒక్కొక్కటే బ్లేడుతో తుంచి గరుకు కాగితంతో నున్నగా రాస్తాను.
మిగిలిన కాడను కొవ్వొత్తి మీద వేడిచేసి లాగితే
తలవెంట్రుకంత యాంటెన్నా.
స్టిక్కర్లు నీళ్లలో నానాలి, టీ చల్లారేంత సేపు.
అప్పుడు జెండా కాగితాన్ని వదిలి
తనంతట తనే రెక్క మీదికి జారుతుంది.

గురువారం రాత్రికి పూర్తయింది.
పైన ఇసుక, గోధుమ, రెండూ కలిసేచోట మసక,
తుపాకుల దగ్గర పెన్సిల్ పొడితో పొగ.
అద్దం కింద పైలట్‌ని కూర్చోబెట్టాను,
వేలి కణుపంత మనిషి, హెల్మెట్‌తో సహా.
అడుగున మాత్రం ఒక్క చెయ్యి బూడిదరంగు కొట్టి వదిలేశా.
అలమరలో పెట్టేదానికి అడుగు ఎవడు చూస్తాడు?

ఓబులేసన్న చూశాడు.
చేతులు లుంగీకి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని
గిన్నె చిల్లి వెతికినట్టు తిరగేశాడు.
"పైన ఇన్ని రంగులుంటాయా దీనికి?
నాకేం తెలుసబ్బీ.
తొంభైలో, ఆగస్టులో, చేతిలో ఖుబ్బూస్ పొట్లం,
రోడ్డు మధ్యలో నేను.
కడుపు కోసం వచ్చినోణ్ణి,
దాని కడుపే చూసినా."

ఎవరిదన్నా అది, ఇక్కడోళ్లదా, అవతలోళ్లదా?
"కింద నిలబడినోనికి ఎట్ల తెలుస్తాది?
నూనె కారతా ఉన్నింది ఒక పక్క,
మన రాజంపేట బస్సు కింద కారినట్టే.
అయ్యో, ఎవరూ చూసుకోలేదే అనుకున్యా.
ఆ పొద్దు నాకొచ్చిన ఆలోచన అంతే."

పొట్లం ఏమైందని అడిగాను.
"తిన్యాం. పదకొండు మందిమి. రెండు రోజులు."

శుక్రవారం మళ్లీ మొదలుపెట్టా.
చక్రాల తలుపుల చుట్టూ సన్నటి మసి,
మూడు వెంట్రుకల కుంచెతో గోధుమనలుపు చార
ముక్కు నుంచి తోక వైపుకి, గాలి ఎటు లాగితే అటు.
"ఇంగా కారాల" అన్నాడు. కార్చాను.
"ఇంత శుభ్రంగా ఉండదు." గుడ్డతో పులిమాను.
"ఆఁ."

వాళ్ల ఊరి కొండంత ఎత్తున పోయిందంటాడు.
ఐదొందల మీటర్లనుకున్నా
లెక్క ప్రకారం ఏడు మీటర్ల పైన కట్టాలి.
మా గది కప్పు రెండున్నర.
నా మంచం అడుగున ఇనుప పట్టీకి
చేపల దారంతో కట్టాను.
కింది మంచం ఆయనది.

ఏసీ గాలికి కొంచెం ఊగుతుంది.
ఆ పెట్టెలో పైలట్‌ని ఇచ్చారు, నిచ్చెన ఇచ్చారు, బాంబులు ఆరు.
రోడ్డు మీద మనిషి లేడు.

రెండు రాత్రులు ఆయన ఏమీ అనలేదు.
మూడో రాత్రి డ్యూటీ దిగి వచ్చేసరికి
దిండు కాళ్ల వైపుకి మార్చుకుని
పడుకొనున్నాడు,
పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని.