కడిగినా, అడిగినా

మురకంబట్టులో నా స్టూడియో
మా యమ్మ పెండ్లినాటి బీరువా.
తలుపు తెరిచి, చీరల మధ్య తల దూర్చి పాడతా.
నేతచీర పక్కనుంటే గొంతు తడిగా వస్తాది,
పాలిస్టరుంటే సకారాలు గుచ్చుకుంటాయి.
ఇది ఎవరూ నేర్పలేదు,
పదకొండేండ్లు తల దూర్చినాక తెలిసింది.

రాత్రి పన్నెండు దాటాల.
అంతవరకు పలమనేరు రోడ్డు ఊరుకోదు,
లారీ హారను నా పల్లవి నెత్తినెక్కి కూర్చుంటాది.
ఒక పాటలో విసుగొచ్చి దాన్ని అట్లే వదిలేసినా.
విన్నవాళ్ళు ముగ్గురు.
ముగ్గురూ ఆ నాదస్వరం ఎవరిదని అడిగినారు.

పగలు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తా:
తోతాపురి ఎన్ని టన్నులొచ్చింది,
ఎన్ని డ్రమ్ములయింది, ఎంత టెంకకు పోయింది.
లెక్కల పిల్లనైనా సీజనులో నేనూ కాయ పట్టాల్సిందే.
ఆ రెండు నెలలు తీగ మీద వేలు పెడితే
జీడి పొక్కిన చోట మంట.
మంటలోనే పుట్టింది ఆ పాట,
"ఎన్ని తూర్లు కడిగినా పులుపు పోదు" అని.

గిటారు మెడ విరిగితే కోదండం మేస్త్రి అతికించినాడు,
మంచానికి పూసే జిగురుతో.
"పాడు, పండుకో, ఏం చేసినా ఇరగదు" అన్నాడు.

గిరింపేటలో ఒక రిసెప్షనుకు పిలిచినారు.
సినిమా పాటలు అయినాక
గొంతు సవరించుకుని నాది ఎత్తుకున్నా.
ఎవరూ తల తిప్పలేదు.
సాంబారు పోసే ఆయన మాత్రం
బకెట్టు చప్పుడు కాకుండా దించినాడు.
చాన్నాళ్ళు దాన్నే చప్పట్లనుకుని బతికినా.

తిరుపతిలో కాలేజీ వార్షికోత్సవం.
రెండు పాటలన్నారు,
ఒకటిన్నర దగ్గర ముఖ్య అతిథి దిగినాడు, మైకు ఆగింది.
ఆ సగం చరణం ఇంకా నా నోట్లోనే ఉండాది,
ఒక్కోసారి అన్నంలో రాయి మాదిరి తగులుతాది.

మూడు నెలలకోసారి ఫోనుకు డబ్బు పడతాది.
మొన్న నలభై ఒక్క రూపాయి అరవై పైసలు.
మా తమ్ముడు మునిశేఖరు లెక్కేసి,
"అక్కా, టెంకలేరే వాళ్ళకన్నా నీకు..." అని
ఆపేసినాడు.
మంచోడు.

ఈ చైత్రంలో, మొగిలి ఘాటు దిగినాక, బండి పంక్చరు.
రేకుల షెడ్డు కింద పదహారేండ్ల పిలగాడు
ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ కోసం చూస్తా
ముక్కుతో రాగం తీస్తాండాడు.
నా రాగం.
నా చెవులు నేనే నమ్మలేదు,
ఊపిరి బిగబట్టి నిలబడినా.
బుడగ తేలింది, వాడు మాట అందుకున్నాడు:
"ఎన్ని తూర్లు అడిగినా పిలుపు పోదు."

కడిగినా, అబ్బయ్యా. పులుపు.
నోటి దాకా వచ్చింది.

"ఎవురి పాటరా ఇది?"
"ఎవురిదోనక్కా. ఆమెకు మాట సరిగ్గా తిరగదు,
నేనే సరిచేసుకున్నా."

గోడకు ఒక ఫోను వేలాడతాండాది, ఛార్జింగు వైరుకు.
నేను దానివైపు చూడ్డం చూసి,
"అమ్మ కువైట్లో ఉండాది.
ఈ కొండ మధ్యన సిగ్నలు దొరకదు" అన్నాడు,
ట్యూబు తుడుస్తా.

ఎనబై రూపాయలు తీసుకున్నాడు.
నా మూడు నెలల పాట కన్నా
ముప్పై ఎనిమిది రూపాయల నలభై పైసలు ఎక్కువ.

ఆ రాత్రి బీరువా తెరిచి రెండూ పాడి చూసినా.
కడిగినా అంటే నా చేతులే కనబడతాయి.
అడిగినా అంటే
చీరల అవతల ఎవరో నిలబడినట్టు గొంతు తగ్గింది.
రెండుంబావుకు ఒక లారీ పోయింది, హారను కొట్టలేదు.

"రచన" అనే గడిలో నా పేరు కొట్టి,
పక్కన ఇలియాస్ అని కొట్టినా.
వచ్చే తూరి పడేదాంట్లో సగం వాడిది.
ఇరవై రూపాయల ఎనబై పైసలు ఇచ్చి రావడానికి
మొగిలి దాకా పెట్రోలు ఎంతవుతాదో
మునిశేఖరును లెక్కేయమనలేదు.