నూట నలభై తొమ్మిదో గీత

నూటికి ముప్పావలా వడ్డీ అన్నాడు మేనేజరు.
రెండ్రూపాయల వడ్డీకి కాడెద్దుల్ని తోలిచ్చిన ఇంట పుట్టినోణ్ణి,
ముప్పావలా అంటే
ఊరికే ఇస్తున్నట్టే అనిపించింది.
ముప్పై లక్షలు. ఇరవై ఏళ్ళు.
బాగలగుంటెలో మూడో అంతస్తు, ఒకటే పడగ్గది,
కిటికీ తీస్తే ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు.

నెలకు ఇరవై ఆరు వేల తొమ్మిదొందల తొంభై రెండు.
ఐదో తారీకున
పీణ్యా షెడ్డులో నేను లేత్ మీద వంగి ఉన్నప్పుడు
జేబులో ఫోను ఒక్కసారి వణికి ఊరుకుంటుంది.

ఏడాది తిరిగాక
మునిరత్న బ్యాంకు కాగితాలు తెచ్చి చాప మీద పరిచింది.
గార్మెంట్స్‌లో సూపర్‌వైజరు రాసుకునే పీసుల లెక్క
ఎదురుగా నిలబడి తలకిందులుగా చదివి
తప్పు పట్టే మనిషి.
"మూడు లక్షల ఇరవై నాలుగు వేలు కట్టినాం.
అప్పు ఎంత తగ్గిందో చెప్పు."
"రెండు లక్షలన్నా తగ్గుంటాది."
"యాభై ఆరు వేలు."

పైన ఫ్యాను తిరుగుతోందని అప్పుడు తెలిసింది.

మొదటి నెల వడ్డీకి ఇరవై రెండు వేల ఐదొందలు,
అసలుకి నాలుగు వేల నాలుగొందల తొంభై రెండు.
రెండో నెల వడ్డీ తగ్గింది, నిజమే,
ముప్పై నాలుగు రూపాయలు.
దర్శినిలో నిలబడి తినే రెండిడ్లీలు.

నా పనిలో కడ్డీ తిరుగుతుంటే చిట్టు రాలుతుంది,
పీసు మిగులుతుంది.
ఇదేం లేతో,
ఏడాదంతా తిప్పితే బుట్టెడు చిట్టు,
గోరంత పీసు.
"మోసం చేసినార్రా" అని లేవబోయాను.
"ఎవురూ చేయల్యా. కూచో.
మిగిలిన అప్పు మీదే కదా వడ్డీ.
అప్పు మొత్తం ఇంకా మిగిలే ఉండాది, అంతే."

మా అవ్వ మనవళ్ళని ఒళ్ళో వేసుకుని
అసలు కంటే వడ్డీ ముద్దు అనేది.
ఆ మాట బ్యాంకు గోడ మీద రాసుకోవచ్చు.

పెన్సిలు మొనతో ఆమె గీతల వెంబడి దిగింది,
రెండొందల నలభై గీతలు.
నూట నలభై తొమ్మిదో దాని దగ్గర ఆగింది.
అక్కడ, మొట్టమొదటిసారి,
అసలు వడ్డీని దాటుతుంది.
పన్నెండేళ్ళ ఐదో నెల.
చాప చివర నిద్రపోతున్న మావోడు
అప్పటికి గడ్డం గీసుకుంటుంటాడు.

"నెలకు ముప్పై వేలు చేద్దాం."
"యాడనుంచి?"
"పన్నెండు జాకెట్లు. రెండొందల యాభై లెక్కన మూడు వేలు.
ఎనిమిది రూపాయలు తక్కువొస్తాది.
అది నువ్వు పెట్టు."

కౌంటర్లో కుర్రాడు అడిగాడు:
పైన కట్టేదానికి ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా?
నా నడుము ఈఎంఐ అంది.
నేను నోరు తెరిచేలోపు ఆమె
"గడువు" అంది.

కొత్త కాగితంలో
అడుగు నుంచి నలభై తొమ్మిది గీతలు లేవు.
నాలుగేళ్ళ పైమాట. ఎనిమిది లక్షల వడ్డీ.
నూట నలభై తొమ్మిదో గీతలో ఉన్న ఆ దాటు
పైకి పాకి తొంభై తొమ్మిదిలో కూచుంది.
ఆ గీత కింద ఆమె పసుపు దారంతో ఒక కుట్టు వేసింది,
కాగితం మీదే.

ఇంకా నూట డెబ్భై తొమ్మిది నెలలు,
నెలకు పన్నెండు.
ఎన్ని జాకెట్లో
షెడ్డులో సుద్దముక్కతో ఒకసారి గుణించాను.
చెరిపేశాను.

ప్రతి ఐదో తారీకు
మిషను సొరుగులో ఎనిమిది రూపాయల చిల్లర వేస్తాను.
పది దాటాక వీధి సద్దుమణిగి
మిషను చప్పుడు ఒక్కటే మిగులుతుంది.
ఈమధ్య
సూదిలోకి దారం ఎక్కించడానికి
నన్ను పిలుస్తోంది.