మధ్యాహ్నం దాటాక

ప్యాంటుకు నాలుగు జేబులున్నాయి.
ఏం పెట్టుకోవాలో తెలీక
రెండు రోజులు చేతులే పెట్టుకు తిరిగాను.

మహేంద్ర హిల్స్‌లో చీవరం తిరిగిచ్చిన రోజు
భంతే ఎందుకని అడగలేదు.
గొడుగు తీసుకుపో, వానొచ్చేలా ఉంది అన్నారు.
గొడుగు బస్సులో మర్చిపోయాను.

ఆధార్‌లో నేనింకా గడ్డం సిద్ధరాములునే.
కొరియర్ గోదాములో ఆ పేరు పిలిస్తే
ఎవరా అని నేనూ వెనక్కి చూస్తాను.
తల మీద జుట్టు వేలెడు పెరిగింది,
జహంగీర్ తన దువ్వెన ఇచ్చాడు, రెండు పళ్లు విరిగింది.
రాత్రి గదిలో శ్వాస లెక్కపెడుతుంటే
సరిగ్గా ఏడు దగ్గర
ఓటీపీ వస్తుంది.

మూసాపేట మెట్రో కింద, సాయంత్రం ఆరున్నర.
బాలవ్వ టిఫిన్ బండి ముందు
పాత అలవాటుగా
కళ్లు దించుకుని, నోరు మూసుకుని నిలబడ్డాను.
వెనకొచ్చినవాళ్లు తిని, చెయ్యి కడుక్కుని పోయారు.

"ఏం కావాలె?"
మూడోసారి అడుగుతోంది.

పదకొండేళ్లు గిన్నెలో పడ్డదే
నాకు కావలసింది.
మధ్యాహ్నం దాటితే అదీ లేదు.
కావాలి అనే మాటకి
గొళ్లెం తుప్పు పట్టిపోయింది.

"దోసె."
"ఉల్లిగడ్డ ఎయ్యాల్నా?"
ఒక కోరిక చెబితే
వెనకాలే ఇంకోటి నిలబడి ఉంటుందన్నమాట.
"ఎయ్యి" అన్నాను.
మరీ గట్టిగా అన్నానేమో,
పక్కనున్న పిల్లాడు నవ్వాడు.

ప్లేటు అందుకున్నాను
రెండు చేతులా.

"ఒక్క చెయ్యి చాలు బిడ్డా,
ఇంకో చేత్తో పైసలియ్యాలె."