చాటెడు తౌడు

నాకంటె ముందు ముగ్గురు పోయిండ్రట.
ఒకడు పురిట్లనే, ఒకతి పాలు మరిచినంక,
ఇంకోని సంగతి అమ్మ ఎన్నడు చెప్పలె.
అందుకని నేను పుట్టిన మూడోనాడు
చాటల ఏసి పెంటకుప్ప మీద పెట్టి
ఎన్కకు తిరిగి చూడకుంట ఇంట్లకు నడిచిందట.
మేనత్త సాయమ్మ ఏమెరుగనట్టు వచ్చి
"ఎవలదే ఈ పిల్ల, దిక్కులేనిదా?" అని
చాటెడు తౌడిచ్చి నన్ను కొన్నది.
సావు మోసపోయింది.
పెంట మీది దాన్ని ఎవరు తీస్కపోతరని
మా వాకిలి దాటి పక్కింట్లకు పోయింది.

బతికిన.
పేరు మాత్రం ఒంటికి అంటుకొనే ఉన్నది.
బళ్లె హాజరు పిలుస్తూ
"పెంటమ్మా" అని పంతులు ముక్కు మూసుకున్నడు,
నలభైమంది పిల్లలు మూసుకున్నరు.
ఆ పొద్దే పలక బాయిల పడేసిన.
భీవండిల మేస్త్రి అసలు పేరే పిలువలె,
"ఏయ్ పాలమూరూ" అనేటోడు.
మాది దేవరకొండ దిక్కు, నల్లగొండ జిల్లా అంటె వినడు,
ఇసుక మోసేటోళ్లందరిది వానికి ఒకటే ఊరు.
దవాఖాన్ల నర్సమ్మ చీటి రాసి పక్కామెకు చూపిచ్చింది.
నేనే ముందుగాల నవ్విన.
మనమీద మనమే నవ్వితె
అవతలోళ్ల నవ్వు జర తక్కువ గుచ్చుతది.

మల్లేపల్లి తొవ్వల రేకుల చర్చికి
దేవుని కోసం పోలేదు, ఉన్నమాట చెప్తున్న.
బిడ్డకు ఫిట్స్ వచ్చిన రాత్రి
ఆటో మాట్లాడింది వాళ్లే. ఆ రుణానికి పోయిన.
చెప్పులకాడ, ఆఖరు చాప మీద కూసున్న.
జక్కరయ్య అయ్యగారి బిడ్డ ఎస్తేరు, ఎనిమిదో తరగతి,
వేలు పెట్టి కూడబలుక్కుంట చదువుతున్నది.
దేవుడు దిక్కులేనోళ్లను పెంట మీదికెల్లి
పైకి లేపుతడంట.
పెంట.
ఆ మాటే.
ఆ పిల్ల ముక్కు మూసుకోలె.
హాజరు పిలిచిండ్రనుకొని
నేను లేసి నిలబడ్డ.

అందరు తిరిగి చూసిండ్రు. కూసోవాలె అని తెలుసు,
కాళ్లు వినలె.

డిండి కాలువల బాప్తిస్మం నాడు
అయ్యగారు రిజిస్టర్ తీసి అన్నడు:
"కొత్త పుటుక గద, కొత్త పేరు పెట్టుకో.
సువార్తమ్మ అని రాయనా?"
కాయిదాలు మారుతె ఇల్లు పోతదని
మా ఆయన నర్సింహ గట్టు మీద చేతులు పిసుక్కుంటుండు.
నా ఎతలు అవి గావు.
"వద్దయ్యా" అన్న.
"ఇది మా అమ్మ సావుతోటి ఆడిన అబద్ధం.
సచ్చేదాంక నన్ను ముద్దుగ పిలువలె,
దిష్టి తాకుతదని.
అంత ప్రేమను ఎక్కడ దాచాలెనో తెల్వక
పెంటల దాచింది.
ఒకసారి తౌడుకు అమ్ముడుపోయిన.
రెండోసారి కొన్నాయన ఏమిచ్చి కొన్నడో
శుభశుక్రారం నాడు మీరే చెప్పి ఏడుస్తరు.
ధర పెరిగింది గని
సరుకు అదే గద అయ్యా."
అయ్యగారు పెన్ను మూత పెట్టి
శానసేపు నీళ్ల దిక్కు చూసిండు.

మా నీళ్లు తాగిన మోకాళ్లు, ఒంగవు.
ఇద్దరు రెక్కలు పట్టి ముంచిండ్రు.
లేసేసరికి వేరే మనిషినైతనేమోనని భయపడ్డ.
నేనే.
ముక్కుల నీళ్లు, కొంగుకు నాచు,
గట్టు మీద అదే నర్సింహ.

సోమారం ఉపాధి పనికాడ మస్టర్ పిలుస్తుండ్రు.
"పెంటమ్మా!"
ఎన్క ఎవడో కొత్త పోరగాడు ఇకిలిచ్చిండు.
ఈసారి నేను ముందుగాల నవ్వలె.
గడ్డపార నేలకు ఆనిచ్చి
ఊకున్న.
వినపడలేదనుకొని
ఇంకొకసారి పిలిచిండు.
పిలువనిచ్చిన.
"ఉన్న" అన్న.