ఐదో పుల్ల

తిన్న సీకులన్నీ నేను లెక్క రాసుకోలే.
టికెట్లకైతే డిపోల లెక్క అప్పజెప్పాలె,
సీకులకు ఎవడడుగుతడు?
అయినా కొన్ని రాత్రులు
ఇంకా నోట్లె అరగలే.

మల్లేపల్లి చౌరస్తా దాటినంక
పంచరు షాపుకూ ఎరువుల దుకాణానికీ సందుల
నాలుగు రేకులు, ఒక బల్బు.
పేరు లేదు, బోర్డు లేదు.
లారీలోళ్ళకు పొగే బోర్డు.
"మౌలాన్‌బీ కాడ" అంటే
నిద్రల ఉన్న క్లీనర్ గూడ లేస్తడు.

పాత సైకిల్ పుల్లలు సానబట్టి
కార్జం, గుండెకాయ,
నడుమ నడుమ కొవ్వు ముక్క గుచ్చుతది.
బొగ్గులు సర్కారు తుమ్మయి.
ఎవ్వడూ నాటంది, ఎవ్వడూ నీళ్ళు పెట్టంది,
చెల్కలన్నీ మింగిన ముళ్ళచెట్టు
ఆమె అట్టముక్క ఊపంగనె
ఎర్రగ కళ్ళు తెరుస్తది.

మాట తక్కువ మనిషి.
"ఎన్ని?" అంటది.
నాలుగంటే ఐదు పెడుతది,
పైసలు నాలుగిట్కే.
చిల్లర లేదు పో అని
ఎంతమందిని సతాయించిన్నో నేను,
ఆ ఐదో పుల్ల చేతుల పట్టుకుంటే
ఒక్కొక్కరి మొఖం యాదికొస్తది.

రాళ్ళవాన పడ్డ రాత్రి ఒకటున్నది.
బస్సుల పదకొండు మంది,
పదకొండు మందీ ఆ రేకుల కిందనే.
జల్లు పొయ్యి మీదికి కొడుతుంటే
మా డ్రైవర్ రూప్లా తాటిపత్రి తెచ్చిండు.
ఒక మూల పెండ్లి బట్టల మూటాయన,
ఒక మూల నర్సమ్మ,
రెండు మూలలు మేం పట్టినం.
చేతులు గుంజుతున్నా ఎవరం వదల్లే,
నిప్పు ఆరితే మా పుల్లలు పచ్చియే కదా.
అంగడి నుంచి మేకను తోలుకొచ్చినాయన
దాన్ని బస్సు ఎనక కట్టేసి వచ్చిండు,
సూడొద్దని.
ఆరు పుల్లలు తిని
రెండుసార్లు పోయి చూసొచ్చిండు దాన్ని.

మొన్న నల్లగొండల కొత్త హోటల్‌కు పోయినం,
మేనేజర్ సారు రిటైర్మెంట్.
బల్ల నడుమనే నిప్పు పెట్టిన్రు.
చిన్న జెండా దించేదాక తెస్తనే ఉంటరు.
మంచిగనే ఉన్నది, అబద్ధమెందుకు.
రొయ్యలు, పైనాపిల్ ముక్కలు గూడ కాల్చిన్రు.
కాని ఎన్నడిగితే అన్నే వచ్చినయి.

ఇంకొకటి చెప్పాలె, ఇద్దయ్యది.
ఊరు మర్రిగూడ దిక్కు.
చిన్నప్పుడు తాగిన నీళ్ళు
ఎముకలల్ల గట్టిపడి కూసున్నయి.
మెడ తిరగదు,
పిలిస్తే మనిషే మొత్తం తిరుగుతడు.
పండ్లు ఇటుకపెళ్ళల రంగు,
మక్కకంకి గూడ ఒలిపించుకొని తినాలె.
పింఛన్ ఆఫీసుకు మా బస్సుల తిరుగుతుండె.
ఒకనాడు రేకుల కింద ఉత్తగ కూసున్నడు.
ఏం తింటవంటే
"వాసనకు పైసల్లేవు గదా బిడ్డా" అన్నడు.

మౌలాన్‌బీ ఇన్నదో ఇనలేదో.

మళ్ళ మంగళారం పొయ్యి పక్కన
మూతపెట్టిన గిన్నె ఒకటి.
పచ్చి బొప్పాయి తురుముల
పొద్దటిసంది నానిన మెత్తటి కూర,
రోట్ల దంచి పెట్టింది.
పుల్లకు గుచ్చితే నిలుస్తలేదు,
జారి బొగ్గుల పడుతున్నది.
రెండు ముక్కలు అట్లనే బూడిదయినయి.
అప్పుడు కుట్టుమిషను తెల్లదారం తీసి
పుల్ల చుట్టూ చుట్టింది,
ఎరిగిన చేతికి కట్టు కట్టినట్టు.
కాలినంక ఊదుకుంట దారం ఇప్పింది.

ఆయన తల వంచలేడు,
ఒళ్ళె పళ్ళెం పెడితే కనపడదు.
ఖాళీ నూనె డబ్బ బోర్లేసి
దాని మీద ఇంకో డబ్బ పెట్టి
గదువ కాడికి పళ్ళెం లేపింది.

మేమందరం నమలుడు ఆపినం.
ఇద్దయ్య నిమ్మళంగ తిన్నడు.
నాలికతోని పండ్లెనక తడుముకున్నడు.
మనిషి మొత్తం ఆమె దిక్కు తిరిగి
"ఉప్పు జర తక్కువైంది" అన్నడు.

మౌలాన్‌బీ నవ్వంగ
అదే మొదలు చూసుడు నేను.
"ఇంకెన్ని?" అన్నది.

రూప్లా హారన్ కొట్టలే.
ఆ రాత్రి ఆఖరి బస్సు
పన్నెండు నిమిషాలు లేటు.
కారణం కాడ
టైరు అని రాసిన.