అనంతం ఎనిమిది

రాగి రేణువు నేనొక్కటీ చూడలేదు.
నీళ్లలో నూటికి రెండు పాళ్లు కలిపానని మాత్రం
నాలుగు చోట్ల రాశాను.
కలపడమంటే, ఫై దగ్గర
సున్నా పాయింట్ సున్నా రెండు కొట్టి
ఎంటర్ నొక్కడం.

తిరుపతిలో, యూనివర్సిటీ గణితశాఖ మేడమీద
కిటికీ రెక్క సరిగా పడని గది.
రాత్రి కొండ వైపు నుంచి చలి దిగుతుంది.
నా తెర మీద ఒక పలక వేడిగా సాగుతూనే ఉంటుంది,
దాని మీద ద్రవం.
పలకను తాకిన పొరకు సొంత వేగం లేదు,
పలక ఎటు పోతే అటే.
పైపొరలకు ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది,
ఇంకా పైన ఉన్నవాటికి
అసలు తెలియదు.

మూడు సమీకరణాల్ని మడతేసి రెండు చేశాక
మిగిలేది గురి చూడటమే.
ఈ చివర వాలు ఎంతో తెలియదు, ఊహించి వదలాలి.
అవతలి చివర సున్నాకి తగలాలి.
తగలకపోతే ఊహ దిద్దుకుని మళ్లీ.
అవతలి చివర పేరు అనంతం.
కంప్యూటర్‌కి అంత దూరం చేతకాదు.
అందుకని చెంగల్రాయులు సారు దగ్గర చదివినవాళ్లందరికీ
అనంతం అంటే ఎనిమిది.
నాకూ ఎనిమిదే. ఎందుకని అడగలేదు.

మూడు వారాలు.
మెల్లగా వాలి నేలకు ఆనుకోవాల్సిన వేడి గీత
కుడి అంచుకొచ్చి
మెట్టు తప్పినట్టు సున్నాలో పడుతోంది.
మైనస్‌లు వెతికాను. కామాలు వెతికాను.
యూపీఎస్ కీచుమన్నప్పుడల్లా
తప్పు దానిదేమో అనుకున్నాను.

శనివారం పాకాల మీదుగా పెనుమూరు బస్సెక్కాను.
మా మేనత్త వాళ్ల బెల్లం గానుగ.
తెల్లారుజామున మూడింటి నుంచి
రెడ్డెప్ప మామ పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తా ఉన్నాడు.
కొప్పెరలో రసం తెట్టు కట్టి, పొంగి, అణిగి
ఎర్రబడుతోంది.
"ఏం మే, నీ చదువు యాడిదాకా వచ్చె?"
"వేడికాడ ఆగిపోయింది మామా."
నవ్వి, చింతమొద్దు మీద కూచున్నాడు.
పొయ్యికి ఆరడుగులు ఉంటుందేమో.
ఇంత దూరమెందుకు అన్నాను.
"ఈడికి కాక రాదు."

రెండో కొప్పెరకు పిప్పి బాగా ఎండింది. మంట లేచింది.
మామ లేచి మొద్దును కాలితో
ఇంకో రెండు మూరలు వెనక్కి దొర్లించాడు.
నేను చూస్తా ఉంటే
"ఏం మే, మొద్దు ఈడుండాదని
కాక ఈడనే నిలస్తాదా?" అన్నాడు.

చేతిలో వేడి బెల్లం ముద్ద, ఆకులో.
ఊదడం మర్చిపోయాను, నాలుక కాలింది.
రేణువులు కలిపితే వేడి ఇంకా దూరం పోతుందని
నేనే రాశాను, రెండో అధ్యాయంలో,
రెండు పటాలు కూడా వేసి.
మొద్దు మాత్రం జరపలేదు.

సోమవారం. ఎనిమిది కొట్టేసి పద్నాలుగు.
యంత్రం మునుపటికంటే ఎక్కువసేపు నమిలింది.
తొమ్మిదో ఊహకి గురి తగిలింది.
గీత పదకొండు దగ్గర, ఎవరూ చూడని చోట,
మెత్తగా నేలకు ఆనింది.

సారు కళ్లజోడు పైకి తోసుకుని చూశారు.
"ఏ పేపర్లో చూశావమ్మా?"
రెడ్డెప్ప పేరును రెఫరెన్సుల్లో ఎలా రాయాలో
నాకు తెలియదు.
పొయ్యి దగ్గర కూచుంటే తట్టింది సార్, అన్నాను.

ఆయన బీరువా తీశారు.
శిష్యుల థీసిస్సులు, నీలం అట్టలు, పదిహేడు.
వాటిని ముట్టుకోలేదు.
అడుగు నుంచి తన మొదటి పేపరు తీశారు,
చేత్తో గీసి ఇంకు దిద్దిన పటం.
కుడి అంచు మీద చూపుడు వేలు ఆనించారు.

కిటికీ రెక్క కొట్టుకుంటా ఉంది.
నేను బెల్లం పొట్లం బల్ల మీద పెట్టి నిలబడ్డాను.
వేలి కింద గీత ఎలా ముగిసిందో
నాకు కనబడలేదు.
ఆయన వేలు తీయలేదు.